మింగేసిన 'స్' మాకు చెప్పిన సంగతి



మేం ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. మాలో ఒకడు ఈ ఏడాది స్పానిష్ కోర్సులో చేరాడు. ఒకరోజు క్లాసులో దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా వాళ్ల మాటలు వినిపించారంట. 'సగం అక్షరాలు మింగేస్తున్నారు' అని క్లాసంతా ఒకటే నవ్వు. మావాడు నవ్వలేకపోయాడు. ఆరో తరగతిలో 'భాష'ను 'బాస' అని చదివినందుకు అందరూ నవ్విన రోజు మా ముగ్గురికీ ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లు క్లాసులో చెయ్యి ఎత్తలేదు మేము. అందుకే ఈ మింగుడు సంగతేంటో చూద్దామని కూర్చుని చదివాం.

చూస్తే దానికో లెక్క ఉంది. మాటను ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా విడగొడితే, ముక్క చివర ఉన్న హల్లే ఎక్కువగా మెత్తబడుతుంది. 'లాస్ కాసాస్' అంటే ఇళ్లు. అది 'లాహ్ కాసాహ్' అవుతుంది, ఒక్కోచోట 'లా కాసా' అయిపోతుంది. 'కాసాస్' నడుమ ఉన్న 'స' మాత్రం ముక్క మొదట్లో ఉంది కాబట్టి నిలబడుతుంది. 'వెర్దాద్' (నిజం) 'వెర్దా' అవుతుంది.

మరి 'లా కాసా' అంటే ఒక ఇల్లు కూడా కదా, తేడా ఎలా తెలుస్తుంది? గ్రనాడా వైపు వాళ్లు బహువచనంలో అచ్చును నోరు ఇంకాస్త తెరిచి పలుకుతారు. హల్లు పోతూ పోతూ తన పని అచ్చుకు అప్పజెప్పింది. దీన్ని బద్ధకం అని ఎలా అంటాం?

తెలుగు కూడా ముక్క చివర హల్లును అంతగా ఇష్టపడదు. కాకపోతే మనం తీసెయ్యం, అచ్చు తగిలిస్తాం. బస్ 'బస్సు' అయింది, కార్ 'కారు' అయింది. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. 'బాస' కూడా ఒక్క మన ఇళ్లలోనే కాదు, ఎన్నో తెలుగు ఊళ్లలో వినిపించే మాటే.

ఇంకో సంగతి. 1492లో స్పానిష్‌కు మొదటి వ్యాకరణం అచ్చువేయించిన నెబ్రిహా ఆండలూసియా మనిషే. ఆయన పోయాక కొన్నేళ్లకు హువాన్ దె వాల్దేస్ అనే రచయిత, ఆండలూసియాలో భాష అంత శుద్ధంగా ఉండదు కాబట్టి ఆయన్ని నమ్మలేమన్నట్టు రాశాడు. వ్యాకరణం రాసినవాడికే ఆ మాట తప్పలేదు! కానీ అమెరికా ఖండాలకు ఓడలు బయల్దేరింది ఆండలూసియాలోని సెవియ్యా నుంచే. ఈ రోజు క్యూబా, ప్యూర్టోరికోల్లో కూడా ముక్క చివరి 'స్' అలాగే మెత్తబడుతుంది.

పరీక్షలో 'భాష' అని వత్తు పెట్టి రాస్తేనే మార్కు. అది నేర్చుకోవాల్సిందే, మన పిల్లలకు నేర్పాల్సిందే. కానీ నవ్వకుండా నేర్పొచ్చు. ఈ సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు ఎవరైనా తమ్ముడో చెల్లెలో 'బాస' అని చదివితే, ముందు పాఠం పూర్తిగా చదవనిద్దాం. వత్తు సంగతి తర్వాత చెప్దాం.

మీకూ ఇలాంటి రోజు ఉంటే కింద రాయండి. మేం చదువుతాం.