తీరిగ్గా ఆరే బల్బు

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు హైవే మీద వస్తే కుశాలపురం దాటాక ఎచ్చెర్ల. అంబేద్కర్ యూనివర్సిటీ, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పుణ్యమా అని ఇక్కడ అద్దెగదుల నిండా కుర్రాళ్లే. అలాంటి ఒక మేడ మీద గదిలో ఇద్దరు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయింపులో వినిపించే సుడితిరిగే నాదాన్ని డిజిటల్ చిప్‌లో పుట్టించే పనిలో ఉన్నారని తెలిసి వెళ్లాను.

మంచం మీద గిటారు, గోడవార చిన్న యాంప్లిఫయర్, బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన బొటనవేలంత బోర్డు. వీటన్నిటి మధ్య ఒక పౌడరు డబ్బా రేకు మూత బోర్లించి ఉంది. పెద్దవాడు దాన్ని ఎత్తి చూపించాడు. కింద స్కూటర్ మీటరులో వెలిగే రకం చిన్న ఫిలమెంట్ బల్బు. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు ఎల్‌డీఆర్‌లు, అంటే వెలుతురు పడితే నిరోధం తగ్గే బిళ్లలు. వెలుగు నాలుగింటికీ చెదిరి అందాలని మూత లోపలివైపు తళతళలాడేలా తోమారు.

“డిజిటల్ అన్నారు కదా, ఈ బల్బేటి బాబూ?” అని అడిగాను.

“గుట్టంతా దీన్లోనే ఉన్నాది మాస్టారూ. దీన్ని కొలవకండా ప్రోగ్రామ్ రాసీస్తే ఉత్త ఫేజర్ అయిపోతాది.”

హెండ్రిక్స్ వాడిన పెట్టె పేరు యూనీవైబ్. 1960ల్లో జపాన్‌లో ఫుమియో మియెదా అనే ఇంజనీరు రూపొందిస్తే షిన్-ఎయ్ కంపెనీ తయారుచేసింది, అమెరికాలో యూనీవాక్స్ పేరుతో అమ్మారు. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద హెండ్రిక్స్ దాంతో వాయించాడు. 1970 జనవరి 1న న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో రికార్డయిన ‘మెషిన్ గన్’ పాటలో అది పన్నెండు నిమిషాలకు పైగా సాగే యుద్ధవేదనకు ఊపిరిలా పనిచేస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులోనే అతను పోయాడు, 27 ఏళ్లకు.

ఆర్గాన్‌తో వాడే లెస్లీ స్పీకర్‌లో హారన్ గిర్రున తిరుగుతూ నాదాన్ని ఊపుతుంది. యూనీవైబ్ దానికి అనుకరణ అని చాలామంది చెబుతారు. మియెదా మాత్రం తనకు ఈ ఊహ రేడియో మాస్కో వింటున్నప్పుడు కలిగిందని చెప్పాడు. షార్ట్‌వేవ్ తరంగం పైనున్న అయనోవరణాన్ని తాకి, వేర్వేరు దారుల్లో వచ్చి మన ఏరియల్ దగ్గర కలుస్తుంది. ఒక దారిన వచ్చినది కాస్త ఆలస్యమైతే రెండూ కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న మా తరానికి దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఘంటసాల గొంతు దగ్గరకొచ్చేది, లోతుకు పోయేది, మళ్లీ తేలేది. ఆ ఊగిసలాటను మేము రేడియో జబ్బు అనుకుని ముల్లు సవరించేవాళ్లం. మియెదా దాన్నే సంగీతానికి పనికొచ్చే వస్తువుగా విన్నాడు.

పెట్టెలో జరిగేది అదే. గిటార్ సంకేతం రెండుగా చీలుతుంది. ఒకటి తిన్నగా పోతుంది. రెండోది నాలుగు దశలు దాటి, ప్రతి దశలోనూ కొంత వెనకబడి, చివర మొదటిదానితో కలుస్తుంది. కలిసినచోట కొన్ని పౌనఃపున్యాలు చెరిగిపోతాయి. పెట్టెలోని బల్బు వెలిగి ఆరుతున్న కొద్దీ ఎల్‌డీఆర్‌ల నిరోధం మారి, ఆ చెరిగే చోట్లు జరుగుతుంటాయి. 1970ల్లో వచ్చిన ఫేజ్ 90 లాంటి ఫేజర్ పెడళ్లలో నాలుగు దశలకూ ఒకే విలువ కెపాసిటర్లు. యూనీవైబ్‌లో అలా కాదు: 15 నానోఫారడ్లు, 220 నానోఫారడ్లు, 470 పికోఫారడ్లు, 4.7 నానోఫారడ్లు. పెద్దదానికీ చిన్నదానికీ 460 రెట్లకు పైగా తేడా. ఒక దశ మంద్ర స్వరాలను పట్టుకుంటే ఇంకొకటి ఎక్కడో పైన కదులుతుంది, అందుకే ఆ ఊపులో ఈల లాంటి పదును ఉండదు.

ఈ అంకెలను ప్రోగ్రాములో పెట్టడం వాళ్లకు కష్టం కాలేదు. బోర్డు సెకనుకు 48,000 సార్లు గిటార్‌ను కొలిచి, ప్రతి కొలతనూ నాలుగు దశల లెక్కలోంచి పంపి, మళ్లీ ధ్వనిగా మారుస్తుంది. 48 కొలతల చొప్పున మూటగట్టి చూస్తుంది కాబట్టి ఒక్కో మూటకు పట్టే కాలం ఒక మిల్లీసెకను. వాయించేవాడి వేలికి ఆ ఆలస్యం తెలియదు.

కష్టమంతా బల్బు దగ్గర. చిన్నవాడు లాప్‌టాప్‌లో గీత చూపించాడు. బల్బుకు సమానంగా పెరిగి తగ్గే కరెంటు ఇచ్చి, నాలుగు ఎల్‌డీఆర్‌ల నిరోధం కొలిచి గీసిన గీత అది. వెలిగేటప్పుడు నిటారుగా ఉంది, ఆరేటప్పుడు ఏటవాలుగా సాగింది. వేడెక్కిన ఫిలమెంట్ వెంటనే చల్లారదు. వెలుతురు చూసిన ఎల్‌డీఆర్ చీకట్లో తన నిరోధానికి తిరిగి చేరడానికి ఇంకా తీరిగ్గా ఉంటుంది. రెండు బద్ధకాలూ కలిసి ఆ గీతను ఒకవైపుకి వంచేశాయి. నాలుగింటి గీతలూ అచ్చంగా ఒకటి కావు కూడా. “ఎల్ఈడీ పెట్టి సూసేం మాస్టారూ. టక్కున ఎలుగుతాది, టక్కున ఆరిపోతాది. పాట రాదు” అన్నాడు.

అందుకని ప్రోగ్రాములో ఊపుకి రెండు వేగాలు పెట్టారు, ఎక్కడానికి ఒకటి, దిగడానికి మరొకటి. సిద్ధంగా దొరికే ప్రోగ్రాము ఎక్కించుకుంటే ఒక పూటలో తేలిపోయే పని ఇది. వీళ్లు బల్బు తెచ్చి, మూత తోమి, కొలిచారు. నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది ఇక్కడే. పాత అసలు పెట్టె కొనాలంటే ఇవాళ లక్షల్లో మాట. అది చేతికి రాకపోయినా దాని స్వభావం ఎక్కడ ఉందో వీళ్లు సరిగ్గా పట్టుకున్నారు.

ముందు సమానమైన ఊపుతో రాసిన ప్రోగ్రామ్ వినిపించారు. ధ్వని పైకీ కిందికీ ఊగింది, అంతే. తర్వాత బల్బు గీతతో రాసినది. ప్రతి చుట్టులోనూ నాదం ఒకచోట ఉరికి, ఆపైన నిదానంగా జారింది. అయినా హెండ్రిక్స్ రాలేదు. పెద్దవాడు నవ్వి, గిటార్‌కూ బోర్డుకూ మధ్య ఒక ఫజ్ పెడల్ తగిలించాడు. ఒక్క తీగ మీటగానే గది తిరిగినట్టయింది. ఫజ్ ఒక స్వరం నుంచి బోలెడు అనుస్వరాలను పుట్టిస్తుంది. అవి దండిగా ఉంటేనే చెరిగే చోట్లు కదులుతున్నట్టు చెవికి తెలుస్తుంది. హెండ్రిక్స్ కూడా ఫజ్ తర్వాతే యూనీవైబ్ పెట్టుకునేవాడు.

నాకు విజయనగరం సంగీత కళాశాల తంబురా గుర్తొచ్చింది. గుర్రానికీ తీగకూ మధ్య జీవ పోగు సరిగ్గా కుదిరిందంటే, మీటిన స్వరంలోంచి అనుస్వరాలు ఒకటి తర్వాత ఒకటి విచ్చుకుంటూ దిగుతాయి. పోగు లేకపోతే తీగ మూగదే. ఈ మాట చెబితే ఇద్దరూ ఆసక్తిగా విన్నారు. వాళ్ల తర్వాతి ఆలోచన కూడా అటే: బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసే ఏకాండి వీణకు మైకు అంటించి, ఈ బోర్డులోంచి వినాలని.

అక్కడ మాత్రం నా అభ్యంతరం చెప్పాను. యూనీవైబ్‌లో కోరస్, వైబ్రాటో అని రెండు తీరులున్నాయి. వైబ్రాటోలో తిన్నగా వచ్చే సంకేతాన్ని తీసేస్తారు, అప్పుడు స్వరస్థానమే ఊగుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని వైణికుడు వేలితో ఊపుతాడు. దాని మీద యంత్రం తన ఊపు కలిపితే అది తోడి కాదు.

“అయితే వైబ్రాటో తీసీమంటారా?”

“తీయకు. గిటార్‌కి ఉండనీ. వీణ తగిలించినప్పుడు కోరస్‌లోనే ఉంచు. వేగం బాగా తగ్గించు, తంబురా విచ్చుకునేంత నిదానంగా.”

వాళ్ల ప్రోగ్రామ్‌లో అన్నిటికన్నా తక్కువ వేగం సెకనుకు ఒక చుట్టు. “అలగైతే బల్బుని మళ్లీ కొలవాల” అన్నాడు చిన్నవాడు. ఐదు సెకన్లకు ఒక చుట్టు చొప్పున కరెంటు ఇచ్చేలా సర్దుతుంటే, పెద్దవాడు ఎల్‌డీఆర్‌ల మీద మూత బోర్లించాడు.