మాఘమాసపు పెరడు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. మా పెరట్లో ఆ కబురు అందరికన్నా ముందు కరివేపాకుకే తెలుస్తుంది. సంక్రాంతి దాకా పసుపు తిరిగిన ఆకులతో ముడుచుకున్న మొక్క, ఇప్పుడు కణుపు కణుపునా చిగురేస్తోంది. రెబ్బ తుంచితే వేళ్ళకంటిన వాసన అన్నాలవేళ దాకా వదలదు.

మల్లెకు జనవరిలోనే ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాం. చూసినవాళ్ళు అయ్యో అన్నారు. కానీ మల్లె మొగ్గ తొడిగేది కొత్త కొమ్మలకే. కత్తెరకు జంకితే వేసవిలో పూలు కొనుక్కోవాల్సిందే.

ఇక మామిడి. పూతగుత్తిని దగ్గరికి వంచుకుని చూస్తే చిన్న సంతలా ఉంటుంది: ఈగలు, తేనెటీగలు, చీమలు. వేల పూలలో చాలామటుకు మగపూలే. ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవే పిందె కడతాయి, వాటిలోనూ నిలిచేవి కొన్నే. నూటికి ఒక్కటైనా కాయ కాదని తెలిశాక, రాలిన పూత చూసి దిగులుపడటం మానేశాను. పూత మీద మందు కొట్టను, ఆ ఈగలే కదా కాపు తెచ్చేది. పిందె బఠానీగింజంత అయ్యేదాకా నీళ్ళూ పెట్టను. ఊరికే ఉండటం కూడా తోటపనే!

పెరడు లేదని బాధపడకండి. ఎండ తగిలే బాల్కనీలో పెద్ద కుండీ పెట్టి, ఈ వారమే రెండు బీరగింజలు నాటండి. తీగ పాకడానికి ఓ తాడు కట్టండి. రెండు నెలల్లోపే కూరకు కాయ అందుతుంది.