నాలుగా? ఎనిమిదా? అసలు వద్దా?

"మోటార్ల టీమ్‌లోకి వెళ్తావా, ఇంజిన్ల టీమ్‌లోనే ఉంటావా? రెండు వారాల్లో చెప్పు."

మా మేనేజర్ ఈ మాట అడిగింది అక్టోబర్ 2 సాయంత్రం, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు. నేను మూడేళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఒక విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నా. ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. బోనెట్ కింద సిలిండర్లు ఉన్నంత కాలమే మా టీమ్. కాబట్టి 'రాబోయే జర్మన్ స్పీడ్ కార్లలో ఏ ఇంజిన్ పెడతారు?' అన్నది కార్ల పిచ్చోళ్లకి కాలక్షేపమేమో కానీ, నాకు మాత్రం వీసాతో, ఇంటద్దెతో ముడిపడ్డ విషయం.

మర్నాడు జర్మనీ అంతటా సెలవు. జేబులో నెలవారీ రైలు పాస్ ఉంది. ఆఫీసులో స్క్రీన్ మీద గ్రాఫుల్లా కనిపించే ఈ ఇంజిన్లు అసలు ఏ ఊళ్లలో పుడతాయో చూసొద్దామని బయల్దేరా.

నిజానికి మొదటి ఊరికి రైలు అక్కర్లేదు. నేనుండేది బాడ్ కాన్‌స్టాట్‌లో. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, పార్కు పక్కన ఒక చిన్న తోట ఇల్లు ఉంది. 1882లో గాట్లీబ్ డైమ్లర్ ఇక్కడ ఒక బంగళా కొని, మొక్కలు పెంచే గాజు గదిని వర్క్‌షాపుగా మార్చుకున్నాడు. తోడు విల్హెల్మ్ మేబాక్. రాత్రీ పగలూ తలుపులేసుకుని ఏదో చేస్తుంటే తోటమాలికి అనుమానం వచ్చింది. వీళ్లు దొంగ నాణేలు తయారుచేస్తున్నారని పోలీసులకి చెప్పాడు. పోలీసులొచ్చి వెతికితే దొరికినవి పనిముట్లు, ఇంజిన్ ముక్కలు! 1885లో ఆ గదిలోంచి బయటికొచ్చిన ఇంజిన్‌కి ఒకే సిలిండర్, శక్తి అర హార్స్‌పవర్. మన ఇళ్లలో ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారంత. దాని రూపం చూసి 'నిలువు గడియారం' అని పేరు పెట్టారు. నాకెప్పుడూ ఆ తోటమాలే గుర్తొస్తాడు. పాపం, అతను తలుపు అవతల్నుంచి విన్న చప్పుడు ఈ ఊరికి నూట నలభై ఏళ్లుగా అన్నం పెడుతోంది.

సెలవు రోజు పొద్దున్నే ఎస్-బాన్ ఎక్కి మార్‌బాక్‌లో దిగా. అక్కడి నుంచి బస్సు. యాపిల్ చెట్లు, పొలాలు దాటాక అఫాల్టర్‌బాక్ వచ్చింది. ఐదు వేల మంది కూడా ఉండని ఊరు. 'ఏఎంజీ' అన్న మూడక్షరాల అడ్రస్ ఇదే. ఆఫ్రెక్ట్, మెల్షర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1967లో కంపెనీ పెట్టారు. మూడో అక్షరం ఆఫ్రెక్ట్ పుట్టిన గ్రోసాస్‌పాక్‌ది. 1976లో ఇక్కడికి మారారు. వాళ్ల చిహ్నంలో ఒక పక్క యాపిల్ చెట్టు, ఇంకో పక్క వాల్వు, స్ప్రింగు, కామ్ ఉంటాయి. ఊరి పేరులోనే యాపిల్ చెట్టు ఉంది మరి. వాల్వు లేని కార్లు అమ్మే రోజున ఆ చిహ్నాన్ని ఏం చేస్తారో!

ఇక్కడ ఒక ఇంజిన్‌ని మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా ఒకే మనిషి బిగిస్తాడు. పైన అతని సంతకంతో ఒక రేకు అంటిస్తారు. ఫ్యాక్టరీ లోపలికి నాలాంటి వాళ్లని రానివ్వరు కాబట్టి గేటు బయటే తచ్చాడా. సెలవు కదా, వీధి నిశ్శబ్దంగా ఉంది. ఒక ముసలావిడ కుక్కతో నడుస్తూ నన్ను చూసి తలూపింది. కార్ల కోసం వచ్చి గేటు ఫొటో తీసుకుని పోయే కుర్రాళ్లు ఆమెకి కొత్త కాదనుకుంటా.

అసలు పెద్ద గొడవ ఈ ఊళ్లోనే మొదలైంది. సీ63 అనే కారు ఉంది. మామూలు బెంజ్ సీ-క్లాస్‌లో ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్ ఇరికించిన అల్లరి కారు. మొదట 6.2 లీటర్లది, తర్వాత 4 లీటర్ల ట్విన్ టర్బో. 2022లో కొత్త తరం సీ63 వచ్చింది. బోనెట్ ఎత్తి చూస్తే... నాలుగు సిలిండర్లు, రెండు లీటర్లు! వెనక చక్రాల దగ్గర ఎలక్ట్రిక్ మోటారు, 6.1 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. అన్నీ కలిపితే 680 హార్స్‌పవర్. పాత వి8 దగ్గరున్నది 510. టర్బోలో కూడా చిన్న మోటారు ఉంటుంది, ఫార్ములా వన్ టెక్నాలజీ. ఇంజినీర్‌గా చూస్తే చేతులెత్తి దండం పెట్టాల్సిన పని. కాగితం మీద ప్రతి అంకెలోనూ కొత్తదే గెలిచింది, బరువులో తప్ప. 2,111 కిలోలు. పాతదానికన్నా మూడొందల కిలోలకు పైగా ఎక్కువ.

కొనేవాళ్లు పెదవి విరిచారు.

ఎందుకో చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్లాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పేలుళ్లు సమానమైన దూరంలో జరుగుతాయి, కుట్టుమిషన్‌లా టకటకటక. వి8లో మొత్తం ఎనిమిదీ సమంగానే పేలతాయి కానీ, ఎడమ వరసనో కుడి వరసనో విడిగా వింటే దరువు కుదురుగా ఉండదు. రెండు దెబ్బలు దగ్గరగా, ఇంకోటి దూరంగా. ఆ తేడానే పైపులోంచి గుడగుడమని వస్తుంది. తీన్మార్‌కి కాలు దానంతటదే ఎందుకు లేస్తుందో, వి8కి మెడ ఎందుకు తిరుగుతుందో, నా దృష్టిలో రెండూ ఒకటే. ఖమ్మంలో మా బాబాయికి బైకుల షెడ్డు ఉంది. ఆర్ఎక్స్ 100 వీధి మలుపులో ఉండగానే 'అది ఫలానా వాడి బండి, కార్బురేటర్ కడగాలి' అనేవాడు. అలాంటి చెవులున్న ఇంట్లో పెరిగాను కాబట్టి, సీ63 కొనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

మరి కంపెనీ అంత తెలివితక్కువదా? కాదు. యూరప్‌లో ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్‌కి పరిమితి ఉంది. దాటితే గ్రాముకి 95 యూరోల చొప్పున, అమ్మిన ప్రతి కారుకీ జరిమానా. ఆ లెక్కల్లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కాగితం మీద చాలా మంచి పిల్లాడు. ఇంజిన్‌ని ఎన్నుకునేది రేసు ట్రాక్ అనుకుంటాం కానీ, సగం ఎన్నిక ఎక్సెల్ షీట్‌లోనే అయిపోతుంది. ఆ షీట్‌లో గుడగుడకి కాలమ్ లేదు.

శనివారం మ్యూనిక్ వెళ్లా. ఆ వారాంతం అక్టోబర్‌ఫెస్ట్ చివరిది. రైలు నిండా తోలు నిక్కర్లు, బీరు సీసాలు. ఉల్మ్ దాకా నిలబడే ప్రయాణం. మ్యూనిక్‌లో నా బీటెక్ ఫ్రెండ్ ఉన్నాడు, బ్యాటరీల సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఒలింపిక్ పార్క్ పక్కన బీఎండబ్ల్యూ ఆఫీసు దగ్గర కలుసుకున్నాం. 1972 ఒలింపిక్స్ నాటికి బయటి రూపం పూర్తయిన ఆ టవర్ నాలుగు సిలిండర్లు నిలబెట్టినట్టు ఉంటుంది. జనం పిలిచే పేరు కూడా 'నాలుగు సిలిండర్ల బిల్డింగే'. దాని పక్కనే ఉన్న ఫ్యాక్టరీ 2023లో ఇంజిన్ల తయారీ ఆపేసింది. ఆ పని ఇప్పుడు ఇంగ్లండ్‌లోని హామ్స్ హాల్‌కి, ఆస్ట్రియాలోని స్టైర్‌కి పోయింది. మ్యూనిక్ ఫ్యాక్టరీలో 2027 చివరి నుంచి ఎలక్ట్రిక్ కార్లే తయారవుతాయట. బిల్డింగ్ మాత్రం నాలుగు సిలిండర్లుగానే ఉండిపోతుంది.

"ఏం మామా, ఇంకా పొగ బ్యాచ్‌లోనే ఉన్నావా?" అన్నాడు మావాడు.

షోరూమ్‌లో కొత్త ఎం5 ముందు నిలబడ్డాం. వీళ్లు సీ63 చేసిన పని చేయలేదు. 4.4 లీటర్ల వి8ని ఉంచేసి, గేర్‌బాక్స్‌లోనే మోటారు కలిపారు. 727 హార్స్‌పవర్. బ్యాటరీతోనే అరవై కిలోమీటర్లకు పైగా పోతుంది కాబట్టి, కారు వచ్చినప్పుడు కార్బన్ లెక్క కాగితం మీద 40 గ్రాముల లోపే. ఎక్సెల్ షీటూ సంతోషం, చెవులూ సంతోషం. కష్టమంతా టైర్లకే. బరువు సుమారు 2,435 కిలోలు!

"పెళ్లి భోజనం చేసొచ్చిన పహిల్వాన్‌లా ఉంది రా" అన్నా.

"నవ్వకు. రాబోయే ఎం3 రెండు రకాలుగా వస్తుంది. ఒకటి పూర్తి ఎలక్ట్రిక్, ఇంకోటి ఆరు సిలిండర్ల పెట్రోల్. అంటే ఏంటి? వాళ్లకే తెలీదు ఏది గెలుస్తుందో. నువ్వు మాత్రం రెండు వారాల్లో తేల్చాలట!" అని వాడే నవ్వాడు.

ఆ మాట తిరుగు రైల్లో చాలాసేపు తొలిచింది. నిజమే, 2025 మొత్తం అలాగే గడిచింది. జూన్‌లో ఏఎంజీ వెయ్యి కిలోవాట్ల పైచిలుకు శక్తి ఉన్న జీటీ ఎక్స్ఎక్స్ అనే ఎలక్ట్రిక్ కాన్సెప్ట్ కారు చూపించింది. ఆగస్టులో అది ఇటలీలోని నార్దో ట్రాక్ మీద 40,075 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టూ ఒక రౌండంత, ఎనిమిది రోజుల లోపే తిరిగింది. అదే కంపెనీ, అదే ఏడాది, కొత్త వి8 తయారుచేస్తున్నామని కూడా ప్రకటించింది. సెప్టెంబర్‌లో పోర్షా కొన్ని ఎలక్ట్రిక్ కార్లని వెనక్కి నెట్టి, పెట్రోల్‌కి ఇంకొన్నేళ్లు ఇచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు మా క్యాంటీన్‌లో జనం మొహాలు వెలిగాయి. నాదీ వెలిగింది. ఇంటికెళ్లాక సిగ్గేసింది. ఒక పని ఆలస్యమైందని సంతోషించేవాడిని ఇంజినీర్ అనొచ్చా?

పోర్షా గురించి ఒక్క మాట. నాకైతే ఈ తరంలో ముచ్చటైన పరిష్కారం వాళ్లదే. 2024లో వచ్చిన 911 జీటీఎస్‌లో 3.6 లీటర్ల ఆరు సిలిండర్లు, ఒకే టర్బో, దానికో చిన్న మోటారు, గేర్‌బాక్స్‌లో ఇంకో మోటారు, 1.9 కిలోవాట్ అవర్ల బుల్లి బ్యాటరీ. ఛార్జింగ్ ప్లగ్గే లేదు. పెరిగిన బరువు 50 కిలోలు. ఎంత కావాలో అంతే వడ్డించుకున్నారు.

తర్వాతి ఆదివారం నుర్బుర్గ్‌రింగ్‌కి వెళ్లాం. మా ల్యాబ్‌లో టెస్ట్ బెంచ్ చూసుకునే పెద్దాయన తన పాత గోల్ఫ్‌లో తీసుకెళ్లాడు. వచ్చే ఏడాది రిటైరవుతాడు. 1927లో అడవి మధ్య వేసిన ఈ ట్రాక్ 20.8 కిలోమీటర్లు. జర్మన్ కంపెనీలు తమ కార్లని సాన పట్టేదిక్కడే. మామూలు జనం కూడా డబ్బు కట్టి సొంత కారుతో తిరగొచ్చు. మేం తిరగలేదు. బ్రూన్‌షెన్ అనే మలుపు దగ్గర గట్టు మీద, థర్మాస్‌లో కాఫీ పెట్టుకుని కూర్చున్నాం.

చుట్టూ పాతిక మంది కుర్రాళ్లు, చేతుల్లో ఫోన్లు. చెట్ల అవతల 911 జీటీ3 గొంతు వినిపించగానే ఫోన్లన్నీ లేచేవి. అది కనపడడానికి ఇంకా టైముంటుంది. ముందు చెవికి, తర్వాత కంటికి. పదకొండున్నరప్పుడు ఒక తెల్ల టైకాన్ వచ్చింది, పోర్షా వాళ్ల ఎలక్ట్రిక్ కారు. టైర్లు కీచుమన్న చప్పుడు విని అందరూ ఫోన్లెత్తేసరికి అది మలుపు దాటేసింది. ఒక్కడి వీడియోలోనూ పడలేదు!

స్టాప్‌వాచ్ మాత్రం ఈ ముచ్చట్లు పట్టించుకోదు. నేను పొగిడిన 911 జీటీఎస్ ఇక్కడ చేసిన టైమ్ 7 నిమిషాల 16.9 సెకన్లు. నాలుగు తలుపుల టైకాన్ టర్బో జీటీ 7 నిమిషాల 7.5. ఇక 2025లో వచ్చిన రికార్డు ఎవరిదో తెలుసా? షావోమీ ఎస్‌యూ7 అల్ట్రా, 7 నిమిషాల 4.9 సెకన్లు. అవును, ఆ షావోమీయే. మీలో కొందరు ఇది చదువుతున్న ఫోన్ కంపెనీ. నూట నలభై ఏళ్ల వాల్వులు, కామ్‌ల విద్య తెలియని వాళ్లు, ఆ విద్య అవసరం లేని దారిలో వచ్చి గేటు ముందు నిలబడ్డారు.

ఈ మాట పెద్దాయనతో అన్నా. ఆయన కాఫీ పోసుకుంటూ, "ఇంజిన్ వాళ్లకి రాదు, మనకి వచ్చు. అందుకే మనవాళ్లు దాన్ని వదల్లేరు. వచ్చిన పని వదులుకోవడం చాలా కష్టం" అన్నాడు. తన గురించే అన్నాడో, నా గురించో అడగలేదు.

సాయంత్రం పార్కింగ్‌లో ఒక నల్ల సీ63, మొదటి తరంది, 6.2 లీటర్లది, స్టార్ట్ చేసి ఉంది. యజమాని అనుమతితో పైపు దగ్గర ఫోన్ పెట్టి అర నిమిషం రికార్డ్ చేశా. బాబాయికి వాట్సాప్ పంపా. 'ఎన్ని సిలిండర్లో చెప్పు చూద్దాం' అని.

మోజెల్ నది మీది వంతెన దాటుతుండగా పెద్దాయన అడిగాడు, ఏం చెప్పబోతున్నావని. మోటార్ల టీమ్‌కి వెళ్తానన్నా. ఇంజిన్ చచ్చిపోతుందని కాదు. డిసెంబరులో యూరోపియన్ కమిషన్ 2035 నాటికి నూటికి నూరు బదులు తొంభై శాతం తగ్గిస్తే చాలని ప్రతిపాదించిందని ఇప్పుడు తెలిసినా కూడా, నా జవాబు మారదు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన మిగతా ఏడాది ఇంజిన్లతో హాయిగా గడుపుతాడు. నాకు ఇంకా ముప్పై ఏళ్ల పని కావాలి. ఆయన తలూపాడు, రేడియో కాస్త తగ్గించాడు.

అప్పుడే బాబాయి వాయిస్ మెసేజ్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టా.

"ఎనిమిదిరా. కానీ ఒక పక్క వాల్వుల దగ్గర తేడాగా టిక్కుటిక్కుమంటోంది. ఆ బండాయనకి చెప్పు, ఇంజిన్ ఓపెన్ చేసి చూపించుకోమను."

తెలుగు ఎలాగూ అర్థం కాదు కాబట్టి పెద్దాయనకి జర్మన్‌లో చెప్పా. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "కుడి పక్క. నేనూ విన్నాను."