సున్న చూపిన మీటరు



సత్తుపల్లి చుట్టుప్రక్కల పామాయిలు తోటలలో బోరు మోటార్లు బాగుచేయుట నా జీవనోపాధి. నా సంచిలో ఎల్లప్పుడును ఒక చేతి మల్టీమీటరు ఉండును. పూర్వము వోల్టులకు ఒకటి, ఆంపియర్లకు ఒకటి, ఓములకు ఒకటి, ఇట్లు వేరువేరు పనిముట్లు మోయవలసి వచ్చెడిది. ఆ మోతకు విసిగిన డోనాల్డ్ మెకాడీ అను బ్రిటిషు తపాలా శాఖ ఇంజినీరు మూడు కొలతలను ఒక్క పెట్టెలో చేర్చెను. అది 1923లో ఆవోమీటరు అను పేర అంగడికి వచ్చెను. నా మీటరు ఆ వంశములోనిదే.

ఒక వర్షకాలమున మోటారు తిరుగుట లేదని ఒక తోటకు నన్ను పిలిచిరి. స్టార్టరు పెట్టె తెరచి మీటరు తీగలు ఆనించితిని. సున్న చూపెను. కరెంటు రాలేదని తలంచి, ఫ్యూజులు తీయకయే, సాయము వచ్చిన మా తమ్ముని కుమారునితో "ఆ బోల్టు విప్పు బాబూ" అంటిని. వాడు చేయి చాపెను.

అంతలో తోట కావలివాని భార్య వెనుకనుండి కేక వేసెను. "ఆగయ్యా! పాకలో బుగ్గ ఎలుగుతానే ఉంది గదా!"

వాడు చేయి వెనుకకు లాగుకొనెను. ఆ బుగ్గ అదే లైను మీదిది. ఒక్కొక్క ఫేజులో 230 వోల్టులు, రెండు ఫేజుల నడుమ దాదాపు 400 వోల్టులు ఉండును. నా కాళ్లు వణకెను.

ఆ రాత్రి ఇంట మీటరు విప్పితిని. లోపలి బ్యాటరీ ఎప్పుడో కారి, దాని రసము బోర్డు మీద తెల్లగా, పచ్చగా పేరుకొనియుండెను. వోల్టులు లోనికి వచ్చు దారిలో వెండ్రుకవంటి రాగిగీత ఒకటి తినివేయబడెను. అంకెలు చూపు భాగము మాత్రము చెడలేదు. కనుకనే ఏమియు తెలియకున్నను, తెలిసినట్లే నిమ్మళముగా సున్న చూపెను. పూర్తిగా చచ్చిన మీటరును ఎవడును నమ్మడు. సగము చెడినదే ప్రాణము తీయును.

బ్యాటరీ తీసివేసి, పాత పండ్లకుంచెతో ఆ పెచ్చు రాల్చి, స్పిరిటుతో కడిగి ఆరనిచ్చితిని. తెగిన గీత రెండు కొనలమీది పచ్చని పూతను బ్లేడుతో మెల్లగా గీకగా రాగి మెరసెను. తీగలోని ఒక్క పోగు తీసి, ఆ కొన నుండి ఈ కొనకు పరచి, ప్రక్క గీతకు తగులకుండ టంకము పెట్టితిని. గీకనిదే టంకము అంటదు. మురికి మీద పెట్టిన టంకము పైకి అందముగా కనబడినను ఒక్క కుదుపుకు ఊడిపోవును.

పిమ్మట క్రొత్త సెల్లుకు ఆనించితిని. ఒకటిన్నర వోల్టు చూపెను. ఇంటి ప్లగ్గులో 230కి దగ్గరగా చూపెను. పని ముగిసినది గాని నిద్ర పట్టలేదు.

ఏలయనగా కేక వేసిన ఆ తల్లి మా సంఘస్థురాలే. ఆమెకు చదువు రాదు. కొన్ని నెలల క్రితము సంఘపెద్దల కూటములో ఆమె మాట వచ్చినప్పుడు "ఆమెకు వాక్యజ్ఞానము సున్న" అని నేనే అంటిని. నేను సున్న అని లెక్కించిన ఆమె వెలుగుచున్న దీపమును చూచినది. కొలుచువాడనైన నేను చూడలేదు. చెడినది నా సంచిలోని మీటరు మాత్రమేనా? మన ప్రభువు కొండమీది ప్రసంగములో చెప్పిన నలుసును, దూలమును ఆ రాత్రి నా బల్లమీదనే కనబడెను.

మరునాడు నా భార్యతో కూడ ఆమె పాకకు వెళ్లి, నేనన్న మాట ఒప్పుకొని క్షమింపుమని అడిగితిని. ఆమె నవ్వి, "పిల్లగాడు బతికిండు, అది చాలదా అయ్యా" అని మంచినీళ్లు ఇచ్చెను.

అప్పటినుండి ఫ్యూజులు తీయక పెట్టెలో చేయి పెట్టనివ్వను. మీటరును ముందుగా కరెంటున్నదని ఎరిగిన చోట ఆనించి, తరువాత పనిచోట చూచి, మరల ఎరిగిన చోటనే సరిచూతును. సహోదరుని గూర్చి నోరు తెరువక మునుపును అట్లే చేయవలెను. నన్ను పరిశోధింపుమని 139వ కీర్తనలో దావీదు తన్ను తానే దేవుని యెదుట పెట్టుకొనెను గదా.

చదువరీ, నీ మీటరు కడపట ఎప్పుడు విప్పి చూచితివి? ప్రభువు గీకునప్పుడు నొప్పి కలుగును. అయినను ఆ గీకిన చోటనే ఆయన అతుకు నిలుచును. ఆమేన్.