తాత మోసిన తుపాకి

రెండు వారాల కింద శనివారం రాత్రి పదకొండు గంటలకు మా కాలేజీ పిల్లగాడొకడు ఫోన్ చేసిండు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. క్లాసుల ఎప్పుడూ ప్రశ్నలడిగే రకం. ఆ రాత్రి కూడా ప్రశ్నే అడిగిండు.

"సార్, తుపాకి మొత్తం కొంటెనే కేసట గదా. పార్టు పార్టు విడిగ తెప్పిస్తె ఏం కాదట. నిజమేనా?"

నా నిద్ర ఎగిరిపోయింది. ఎవడు చెప్పిండురా అన్న. "అందరు అంటున్నరు సార్" అన్నడు.

ఫోన్ పెట్టనియ్యలేదు. మెల్లగ అడిగితే ఒక్కొక్కటి చెప్పిండు. నిరుడు వాళ్ల ఊర్ల అంబేద్కర్ విగ్రహం జాగ కాడ గొడవైంది. కొట్లాడింది రెండు దిక్కులోళ్లు. తహసీల్దారు ముందట నిలబెట్టి బైండోవర్ చేసింది మాత్రం మన పిల్లలను. మొన్న ఊరి పెద్దమనిషి ఇంట్ల పెండ్లయింది. బరాత్ మన వాడకట్టు ముందటికి వచ్చి ఆగింది. ఆయన లైసెన్సు తుపాకి తీసి రెండుసార్లు పేల్చిండు.

"గాలిలకే పేల్చిండు సార్. కాని మా అమ్మ అప్పటిసంది నిద్ర పోతలేదు."

అడగాలనుకున్న ప్రశ్న ఇది. ఊరి పేరు, పిల్లగాని పేరు నేను రాయను. ఎందుకో మీకు తెలుసు.

నేను తెలుగు సారును, వకీలును కాను. కాని సాహిత్యం చదువుకున్నోనికి ఒక అలవాటు ఉంటది. ఏ వాక్యం దొరికినా కర్త ఎవరు, కర్మ ఎవరు అని వెతుకుతడు. ఆ రాత్రి 1959 నాటి ఆయుధాల చట్టం ముందటేసుకొని కూసున్న.

ముందు వాని ప్రశ్నకు జవాబు చెప్త. ఆ పుకారు మీలో ఎంతమందికి చేరిందో నాకు తెల్వదు. రెండో సెక్షన్‌ల ఆయుధమంటే ఏందో రాసి ఉన్నది. తుపాకి విడిభాగాలు కూడా చట్టం కండ్లకు తుపాకే. దాన్ని తయారుచేసే యంత్రం తుపాకే. చప్పుడు తగ్గించే సైలెన్సర్ తుపాకే. లైసెన్సు లేకుంట కొనొద్దు, పెట్టుకోవద్దు అని మూడో సెక్షన్.

45వ సెక్షన్‌ల ఒక సన్న మినహాయింపు ఉన్నది. చిన్నాచితకా భాగమై, నీ దగ్గరనో ఇంకొకరి దగ్గరనో ఉన్న జోడు భాగాలతోని కలిపి వాడే ఉద్దేశం లేనిదైతే చట్టం వర్తించదు. పుకారు ఈ వాక్యంల మొదటి సగం నుంచే పుట్టినట్టున్నది. రెండో సగం ఎవరూ చదవలేదు. కలుపుదామని తెప్పిచ్చినవా, మినహాయింపు పాయె. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుంట పెట్టుకున్నందుకు 2 ఏండ్లకు తగ్గకుండ, 5 ఏండ్ల దాక జైలు. భాగాలు బిగించి తయారుచేస్తే 7 ఏండ్లకు తగ్గదు, యావజ్జీవం దాక పోతది.

"మరి లైసెన్సు అడుగుదునా?" అన్నడు. 21 ఏండ్లు నిండాలె, వానికి 20. బైండోవర్ గడువు నడిచినన్ని రోజులు ఎట్లా ఇయ్యరు. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతోని లైసెన్సు నిరాకరించొద్దని 14వ సెక్షన్‌ల ఒక మంచి మాట ఉన్నది. చదివి నవ్వొచ్చింది. మన పిల్లల విషయంల ఆస్తి మాట దాక రానే రాదు, బైండోవర్ కాడనే ఆగిపోతది.

అట్ల చదువుకుంట పోతుంటే ఆ చట్టంల మా తాత కనపడ్డడు.

మా తాత సుంకరి. దొర ఇంట్ల రెండు గొట్టాల తుపాకి ఉండేదట. దాన్ని నూనె గుడ్డతోని తుడిచేది తాత. వేటకు పోతే మోసేది తాత. ఒకసారి లోపల స్ప్రింగు విరిగితే గోనెసంచిల చుట్టి పట్నంల బాగుచేసే దుకాణానికి పంపిండు దొర. తాత అంగి జేబుల ఒక చీటీ. అందుల ఏముందో తాతకు తెల్వదు, చదువు రాదు. "అది ఉంటెనే పోలీసోడు నన్ను ముట్టడు బిడ్డా" అనేటోడు. బస్సుల సీటు దొరికితే మూటను సీటు మీద పెట్టి, తాను పట్నం దాక నిలబడే పోయిండట. "తుపాకి దొరది గదా, అందుకే దాన్ని కూసోబెట్టిన" అని చెప్పి నవ్వేటోడు. మేమూ నవ్వేటోళ్లం.

ఆ చీటీ దొర తెలివి అనుకున్న ఇన్నాళ్లు. కాదు, అది మూడో సెక్షన్. లైసెన్సున్న మనిషి ముందట గాని, ఆయన రాసిచ్చిన అనుమతితోని గాని, మరమ్మతుకో, రెన్యువల్‌కో, ఆయన వాడకానికో లైసెన్సు లేని మనిషి తుపాకి మోయొచ్చు. అంటే చట్టం రాసినోళ్లకు మా తాత తెలుసు. తుపాకి ఉండే మనిషిగ కాదు, తుపాకి మోసే మనిషిగ.

ఇది మా ఊరి ముచ్చట ఒక్కటే కాదు. 1878 ఆయుధాల చట్టం ఈ దేశపోళ్లను లైసెన్సు అడగమన్నది, యూరోపియన్లను వదిలిపెట్టింది. ఇప్పటికీ కర్ణాటకల కొడగు జాతికి, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకు కొన్ని తుపాకులకు లైసెన్సు అక్కరలేదు. ఆ మినహాయింపును కేంద్రం 2029 దాక పొడిగించింది. పుట్టుకను, భూమిని చూసి తుపాకిని నమ్మే పద్ధతి ఇది. కింది కులాలు ఎందుకు తిరగబడలేదన్న ప్రశ్నకు అంబేద్కర్ 1936ల కుల నిర్మూలనల జవాబు చెప్పిండు. ఆయుధమూ చదువూ రెండూ దక్కనియ్యకపోతే ఎట్ల తిరగబడతరని.

అట్లని తుపాకి వస్తే అన్నీ వస్తయా? అదే చట్టం ఇంటి పనికి, ఎవుసానికి మాత్రమే చేసిన పనిముట్టును ఆయుధం కాదంటది. దుడ్డుకర్రను మినహాయించింది. 1985 జూలై 17న కారంచేడుల మనోళ్లు ఆరుగురిని చంపింది తుపాకులతోని కాదు. గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతోని. దానికి ముందు రోజు చెరువు కాడ మున్నంగి సువార్త చేతుల ఉన్నది నీళ్ల బిందె.

పిల్లగానికి ఇదే చెప్పిన. బరాత్‌ల పేలిన తుపాకి ఒక పార్టేరా. దాని జోడు భాగాలు భూమి, ఠాణా, తహసీలు ఆఫీసు. అవి ఆయన దగ్గర బిగించే ఉన్నయి. నువ్వు ఒక గొట్టం తెప్పిస్తే జైలు నీకే. మీ అమ్మ నిద్ర అప్పుడు మొత్తానికే పోతది.

మరి ఏం చేయాలె? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995. మూడో నియమం. దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలె. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ ఎస్టీలు కానోళ్ల, వాళ్ల దగ్గరి బంధువుల, పనోళ్ల, దోస్తుల ఆయుధ లైసెన్సులు రద్దుచేసి తుపాకులు జమ చేయించాలె. మన రక్షణకు మనకు లైసెన్సు ఇయ్యొచ్చని కూడా ఆ నియమంలనే ఉన్నది. నేను మొదటిదే అడగమన్న. మన చేతికి తుపాకి రావుడు కన్న వాళ్ల చేతుల నుంచి దిగుడు ముందు. "అవసరమనుకుంటే" అన్న మాట కాడ ఆఫీసర్లు తప్పించుకుంటరు, నిజమే. కాని ఎలక్షన్లప్పుడు ఇవే తుపాకులు ఠాణాలల్ల జమ చేయిస్తున్నరు గదా. ఓట్ల కోసం అయ్యే పని మా అమ్మల నిద్ర కోసం ఎందుకు కాదు? పెండ్లిల తుపాకి పేల్చుడు 2019 నుంచి నేరం. 2 ఏండ్ల దాక జైలు, లేదా లక్ష దాక జరిమానా, లేదా రెండూ.

సోమవారం ప్రజావాణిల పిల్లలు దరఖాస్తు ఇచ్చిన్రు. రాసింది వాడే. నేను రెండు అక్షరదోషాలు దిద్దిన, అంతే. ఊరిని గుర్తించాలె, లైసెన్సు రద్దుచేయాలె, పేల్చినందుకు కేసు పెట్టాలె. మూడు వాక్యాలు. మూడింటికీ వాళ్లే కర్తలు. ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టిన్రు, వాని అమ్మ వేలిముద్ర వేసింది. జవాబు ఇంకా రాలేదు. ముప్పై రోజులు చూసి సమాచార హక్కు కింద అడుగుతం.

ముద్ర పడ్డ రసీదును వాడు ఫోటో తీసి పంపిండు. మా తాత జేబుల చీటీ మీద సంతకం దొరది.

మీ ఊర్ల ఇట్ల ఏమన్నా ఉంటే పుకార్లు నమ్మకుండ్రి. మూడో నియమం చదువుండ్రి, దరఖాస్తు పెట్టుండ్రి, రసీదు తప్పకుండ తీసుకోండ్రి. రాయరాకపోతే నాకు రాయుండ్రి, కలిసి రాద్దాం.

జై భీమ్.