కొయ్య పలుకు

వస్తువు విలువను దాని బరువును బట్టి నిర్ణయించడం మనలో చాలామందికి అలవాటు. మాకు కూడా ఆ అలవాటు ఉండేది. మూడేళ్ల క్రితం, ఒకే ఒక్క రాత్రిలో అది తొలగిపోయినది.

ఆ రాత్రి హైదరాబాదులో మా విశ్వవిద్యాలయ మిత్రుని ఇంట బస చేశాము. అతడు పరిశోధన నిమిత్తం స్పెయిన్ దేశంలోని గ్రనాడా నగరంలో రెండేళ్లు ఉండి, వస్తూ వస్తూ ఒక గిటారు తెచ్చుకొన్నాడు. భోజనానంతరం దానిని మా చేతికి అందించాడు. బరువుంటుందని చేతులు బిగించి పట్టుకొన్నాము; అది ఖాళీ చాటలా తేలికగా పైకి లేచినది. కిలోన్నర కూడా ఉండదు. "ఇంత పలుచని చెక్క నిలుస్తుందా?" అని అడిగాము. మిత్రుడు నవ్వి, వేలి కణుపుతో దాని ముఖపలకను మెల్లగా తట్టాడు. ఆ చప్పుడుకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చారు.

మా తండ్రిగారు వడ్రంగి. తలుపులు, మంచాలు, బీరువాలు చేసేవారు. కలప అడితిలో పలకను ఒక కొసన పట్టి ఎత్తి, కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవారు. "ఏం వింటున్నారబ్బా?" అని అడిగితే, "పచ్చిదో, ఆరినదో, లోపల పగులున్నదో, అడిగితే అదే చెబుతుంది బేటా" అనేవారు. అటువంటి మనిషి కుమారులమైన మేము, కళాశాలలో చేరిననాడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడిలో "వ్యాపారం" అని వ్రాశాము. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. ఆ మాట చదివారు. ఏమీ అనకుండా క్రింద ఉర్దూలో సంతకం చేసి ఇచ్చారు.

మిత్రుడు తెచ్చినది ఫ్లమెంకో గిటారు. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా ప్రాంతపు గానానికీ, నృత్యానికీ తోడుగా పుట్టిన వాద్యమది. 2010లో యునెస్కో ఫ్లమెంకో కళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినది. ఈ గిటారు వెనుక పలకనూ, ప్రక్కలనూ సంప్రదాయంగా సైప్రెస్ కలపతో చేస్తారు. ఉర్దూ గజళ్లలో ప్రియుల నిలువెత్తు రూపానికి ఉపమానంగా నిలిచిన "సర్వ్" వృక్షం అదే. ఆ దేశంలో అది సముద్రాలు దాటి వచ్చే చేవల వంటిది కాదు. స్థానికంగా, చౌకగా దొరికే చెట్టు. పేద వాద్యగాని గిటారుకు అదే దక్కినది.

ముఖపలక స్ప్రూస్ అనే మెత్తని కలపతో చేసినది. మందం సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. దాని లోపలి వైపున సన్నని బద్దలను విసనకర్ర పుల్లల వలె అతికిస్తారు. ఆ పలుచని పలక దాదాపు నలభై కిలోల తంత్రుల లాగుడును భరించాలి. మందమైతే మూగపోతుంది, మరీ పలుచనైతే కుంగుతుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలన్నదే అసలు విద్య. గ్రనాడాలో అల్హంబ్రా కోటకు ఎక్కే గోమెరెస్ వీధిలో గిటారు పనివారి దుకాణాలు ఉన్నవి. అక్కడ ఒక వృద్ధుడు చిత్రిక పట్టడం, తట్టడం, వినడం, మళ్లీ చిత్రిక పట్టడం మా మిత్రుడు గంటలకొద్దీ చూశాడట. ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగితే, ఆ వృద్ధుడు తన చెవిని చూపి ఊరుకొన్నాడట.

మిత్రుడు వాయించాడు. తంత్రులు మెట్లకు మరీ దగ్గరగా ఉన్నవి; పన్నెండవ మెట్టు వద్ద ఎడం మూడు మిల్లీమీటర్ల ప్రాంతం. అందువల్ల వేళ్లు సునాయాసంగా పరుగెత్తుతాయి. గట్టిగా మీటితే తంత్రి మెట్టుకు తగిలి కొంచెం గరగరమంటుంది. శాస్త్రీయ గిటారులో దోషమనిపించే ఆ గరగర ఇక్కడ కూరలో మిరియం వంటిది. నడుమ నడుమ వ్రేలి గోటితో పలకనే కొట్టి తాళం వేస్తారు. పలక గీరుకుపోకుండా దానిపై ఒక రేకు అతికించి ఉంటుంది. "నా పాత గిటారును నేను పలికించవలసి వచ్చేది. దీనికి వేలు ఆనితే చాలు. ప్రతి దెబ్బా రొమ్ముకు తెలుస్తుంది" అన్నాడతడు. నాదం చటుక్కున పుట్టి, చటుక్కున ఆరిపోతున్నది. అది లోపం కాదు. గాయకుని మాటకూ, నర్తకి మడమ చప్పుడుకూ చోటు విడిచి తాను తప్పుకోవడం అది. తరువాతి కాలంలో కచేరీ వాద్యకారులు నాదం నిలిచే రోజ్‌వుడ్ గిటార్లను కూడా చేపట్టారు. వాటికి వాడే కలపలలో మన దక్షిణ భారతపు ఇరుగుడు ఒకటి. ఒక శ్రీమంతుని ఇంటికి మా తండ్రిగారు ఆ చేవతోనే మంచం చేసి ఇచ్చారు.

నేటి గిటారుకు రూపమిచ్చిన ఆంటోనియో దె టోరెస్ (1817–1892) కథ కూడా ఆ రాత్రే విన్నాము. ఆల్మేరియా ప్రాంతంలో పుట్టిన ఆయన బాల్యంలో వడ్రంగం పనిలో కుదురుకొన్నవాడు. నాదానికి ఆయువుపట్టు ముఖపలకే అని నిరూపించడానికి 1862లో వెనుక పలకనూ ప్రక్కలనూ అట్టతో చేసి ఒక గిటారు నిర్మించాడు. అది నేటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉన్నది. వడ్రంగి అన్న మాట వినగానే మేము తల వంచుకొన్నాము. అప్పటికి మా తండ్రిగారు గతించి మూడేళ్లు. దిద్దుకోవడానికి ఆ దరఖాస్తు లేదు, ఆయనా లేరు.

గత సంవత్సరం ప్రవేశాల సమయంలో ఒక విద్యార్థి మా బల్ల ముందు నిలబడి, ఆ గడి దగ్గర కలం ఆపాడు.

"ఇక్కడ ఏం వ్రాయాలి సార్?"

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

అతడు వెనుకకు చూశాడు. గుమ్మం వద్ద తండ్రి నిలుచుని ఉన్నాడు. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. "వెల్డింగ్ చేస్తారు సార్" అన్నాడు మెల్లగా.

"అదే వ్రాయి నాయనా. అక్షరాలు పెద్దవిగా వ్రాయి" అన్నాము.

మా తండ్రిగారి చిత్రిక ఇప్పుడు మా ఇంట పుస్తకాల బీరువాలో ఉన్నది. ఆ బీరువా కూడా ఆయన చేసినదే. అప్పుడప్పుడు దాని తలుపును కణుపుతో తట్టి వింటుంటాము. ఆయనకు వినిపించినదంతా మాకు వినిపించదు. అయినా తట్టడం మానలేదు.