భీమిలి రేవులో మన కరక్కాయలు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం. అనంతగిరి కొండల్లోంచి వచ్చి గరివిడిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఎవరైనా ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పం, "అరకు పక్కన" అనేసి ఊరుకుంటాం.

ఈమధ్య క్లాసులో ఏదైనా ఒక ఊరి చరిత్ర, భూగోళం రాసుకు రమ్మన్నారు. మా ఊళ్ళ గురించి రాయడానికి ఏటుంది, కోటా లేదు, శాసనమూ లేదు అని మాలో మేమే అనేసుకున్నాం. భీమిలి అయితే బాగుంటాదని ఆదివారం విజయనగరం దాకా రైలెక్కి, అక్కడినుంచి బస్సులో పోయాం.

భీమిలి చిన్న ఊరే గానీ చాలా పాతది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. మన దేశంలో బాగా పాత మునిసిపాలిటీల్లో ఇదొకటి. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్లో కలిసిపోయింది.

ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా ఆగేవి. సరుకుని పడవల మీద అక్కడికి చేరవేసేవారు. గోగునారకి విదేశాల్లో 'బిమ్లి జనపనార' అని పేరు. తోళ్ళు పదును చెయ్యడానికి వాడే కరక్కాయల్లో ఒక రకాన్ని 'బిమ్లీలు' అనేవారు.

అది చదివినప్పుడు మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సముద్రం ఒడ్డున కరక్కాయ చెట్లెక్కడివి? కరక్కాయ కొండల్లోది, అడవిలోది. ఏరేది మనోళ్ళు, పేరు మాత్రం రేవుది!

మాలో ఒకడు అక్కడే ఇసకలో కూర్చుని వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేశాడు. "కరక్కాయలు ఎక్కడికి పోయేవే?" అని అడిగాడు. "సంతకి తెచ్చేవోళ్ళం. షావుకారు కొలుసుకుని కిందకి అట్టుకుపోయేవోడు. ఆ తర్వాత మనకేటి తెలుస్తాది?" అంది.

తర్వాత ఏరు కలిసే చోటికి నడిచాం. అది గోస్తనీ. మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి, తాటిపూడి రిజర్వాయర్ మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. చిన్నప్పుడు మేం ఈతకొట్టిన నీళ్ళే. తాటిపూడి నుంచి విశాఖ నగరం తాగేదీ ఈ నీళ్ళే.

రేవు ఎందుకు పడిపోయిందో కూడా తెలుసుకున్నాం. 1890ల్లో వేసిన రైలుమార్గం భీమిలిని వదిలేసి విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బరు వచ్చింది. దాంతో సరుకంతా అటు మళ్ళింది. మేం గరివిడిలో ఎక్కిన రైలుదీ ఆ మార్గమే.

ఇంకొక్క మాట. భీమిలికి మునిసిపాలిటీ రాక 22 ఏళ్ళ ముందే, 1839లో, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేశారు. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు అక్కడ చెల్లవన్నారు, అధికారమంతా కలెక్టరుకి 'ఏజెంటు' హోదాలో ఇచ్చారు. మనం 'ఏజెన్సీ' అని చెప్పుకునే పేరు అక్కడిదే. కింద ఊరికి మునిసిపాలిటీ, పై ఊళ్ళకి ఏజెంటు. ఆ బొర్రా, అనంతగిరి ఊళ్ళ నుంచే 1997లో సుప్రీంకోర్టు 'సమతా' తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. ఇదంతా మన చరిత్ర కాదా? రాయడానికి ఏటుందని మేమెలా అనుకున్నాం?

తిరిగొచ్చాక కాగితం మీద భీమిలి అని పెట్టలేదు. 'గోస్తనీ: కొండ నుంచి రేవు దాకా' అని పెట్టాం. కింద మా నలుగురి ఊళ్ళ పేర్లూ రాశాం. మార్కులు ఇంకా వెయ్యలేదు. తక్కువేసినా ఆ పేర్లు కొట్టెయ్యం.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాం. మీ ఊరి గెడ్డ ఏ ఏట్లో కలుస్తుందో, మీ పెద్దోళ్ళు సంతకి ఏం మోసుకెళ్ళేవారో వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. కింద కామెంట్లో మీ ఊరి పేరు పెట్టండి. అరకు పక్కన అని కాదు, అసలు పేరు.